పెళ్ళిరోజుకి రాజమహేంద్రవరం: డెల్టా దంపతులు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం, రామచంద్రపురం వైపు నుంచి పెళ్ళిరోజుకి ఎక్కడికైనా వెళ్దామనుకునే దంపతులకి నేను మొదట చెప్పే ఊరు రాజమహేంద్రవరం. చెప్పగానే వాళ్ళు అడిగే ప్రశ్నలు, వాటికి నా జవాబులు ఇవి.

రాజమండ్రి ఏంటండీ? అది మేం ఆసుపత్రికీ, బట్టలకీ వెళ్ళే ఊరు కదా?

సరిగ్గా అందుకే చెప్తున్నాను. ఏళ్ళ తరబడి వెళ్ళొస్తాం, కానీ పని చూసుకోవడం, బస్సెక్కి వచ్చెయ్యడం. ఆ ఊరు ఒకప్పుడు తూర్పు చాళుక్యుల రాజధాని. అంతకుముందు వాళ్ళ రాజధాని ఏలూరు దగ్గరి వేంగి, అంటే ఇప్పటి పెదవేగి. 1022లో పట్టాభిషేకం చేసుకున్న రాజరాజ నరేంద్రుడు ఏలింది రాజమహేంద్రవరం నుంచే. నన్నయ మహాభారతాన్ని తెలుగు చెయ్యడం మొదలుపెట్టింది ఆయన కొలువులోనే. తరవాత రెడ్డిరాజులకీ అదే రాజధాని. శ్రీనాథుడు కాశీఖండాన్ని అంకితమిచ్చిన వీరభద్రారెడ్డి ఇక్కడి రాజే.

పెళ్ళిరోజుకి ఈ ఊరే ఎందుకంటారా? దీని చరిత్రలో అడుగడుగునా దంపతులు కనిపిస్తారు. రాజరాజ నరేంద్రుడి భార్య అమ్మంగదేవి తంజావూరు చోళుల ఆడపడుచు, రాజేంద్ర చోళుడి కూతురు. ఆయన తల్లి కుందవ్వ కూడా చోళుల ఇంటి పిల్లే. వరసగా రెండు తరాలు కోడళ్ళు కావేరీ తీరం నుంచి గోదావరి తీరానికి వచ్చారు. అమ్మంగదేవి కొడుకు 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. మనూళ్ళో పుట్టిన పిల్లాడు మేనమామల రాజ్యానికి చక్రవర్తి అయ్యాడన్నమాట.

రెడ్డిరాజుల దగ్గరికొస్తే, రాజమండ్రి ఏలిన కాటయ వేముడు పోయాక ఆయన కూతురు అనితల్లి పక్షాన అల్లాడరెడ్డి నిలబడి పోరాడాడు. ఆ అల్లాడరెడ్డి కొడుకే వీరభద్రారెడ్డి, అనితల్లి భర్త. 1423 నాటి కలువచేరు శాసనం అనితల్లి వేయించినదే. భర్త చాటున పేరు మరుగునపడిన రాణి కాదు ఆవిడ.

రాజధాని అంటున్నారు, మరి కోట ఏది?

లేదు. ఈ మాట ముందే తెలుసుకుని వెళ్తే నిరాశ ఉండదు. గోల్కొండలాగా ఎక్కి తిరగడానికి బురుజులు, మహళ్ళు ఇక్కడ మిగల్లేదు. వెయ్యేళ్ళలో చాళుక్యులు, కాకతీయులు, రెడ్లు, గజపతులు, కుతుబ్‌షాహీలు, ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు ఒకరి తరవాత ఒకరు వచ్చారు. పాత ఊరి మీదే కొత్త ఊరు లేచింది. కోటగుమ్మం సెంటర్లో ఆ పేరు మాత్రం నిలిచి ఉంది. రోజూ వేలమంది ఆ పేరు చెప్పి ఆటో ఎక్కుతారు.

ఆ నిలకడలేని కాలానికి సాక్ష్యం ఒకటి చూడాలనుకుంటే మెయిన్ రోడ్డు దగ్గరి పాత మసీదుకి వెళ్ళండి. దాని శాసనం 1324 నాటిది. కాకతీయుల ఓరుగల్లు పడిపోయిన మరుసటి ఏడాదే ఇది కట్టారు.

సారంగధర మెట్ట సంగతి కూడా అడుగుతుంటారు. రాజరాజ నరేంద్రుడు చిన్నభార్య చిత్రాంగి మాట నమ్మి కొడుకు సారంగధరుడి కాళ్ళూ చేతులూ నరికించాడనే కథ మన అమ్మమ్మల దగ్గర నుంచీ వింటున్నదే. శాసనాల్లో ఆ కథకి ఆధారం లేదు. మెట్ట ఎక్కి గుడి చూసి రండి, కానీ అమ్మంగదేవి ఉన్న చోట చిత్రాంగిని నిజంగా నమ్మి రాజుని తిట్టుకోవద్దు.

చాళుక్యుల నాటి విగ్రహాలు, నాణేలు, శాసనాలు చూడాలంటే గోదావరి గట్టుకి దగ్గర్లోనే రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం ఉంది. 1922లో ఇక్కడ మొదలైన ఆంధ్ర ఇతిహాస పరిశోధక మండలి వెనక ఉన్న మనిషి ఆయన. మన జిల్లాల రాగిరేకు శాసనాలు కరిగి చెంబులైపోకుండా కాపాడిన ఘనతలో ఆయనకీ ఆ మండలికీ పెద్ద వాటా ఉంది. అంబాజీపేట వైపు నుంచి వెళ్ళే వాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. మీ పక్కనున్న నందంపూడిని రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టుకి అగ్రహారంగా ఇచ్చాడు. ఆ శాసనం రాసింది నన్నయ. భారతం తెలుగు చెయ్యడంలో నన్నయకి తోడున్నది ఈ నారాయణభట్టే.

మా పెళ్ళిరోజు ఫలానా నెలలో వస్తుంది. ఆ టైములో వెళ్ళొచ్చా?

మన పెళ్ళిళ్ళన్నీ ముహూర్తాల నెలల్లోనే కాబట్టి పెళ్ళిరోజులూ అప్పుడే గుంపుగా వస్తాయి. మాఘ ఫాల్గుణాల్లో పెళ్ళయిన వాళ్ళు అదృష్టవంతులు. ఫిబ్రవరి, మార్చి మొదటి వారాలు ఊరు తిరగడానికి చాలా బాగుంటాయి. కార్తీక మార్గశిరాలు కూడా మంచివే, కాకపోతే కార్తీక సోమవారాలు, పౌర్ణమి నాడు రేవుల్లో కాలు పెట్టే సందు ఉండదు.

వైశాఖ జ్యేష్ఠాల వాళ్ళు మాత్రం జాగ్రత్త. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, రాజమండ్రి ఎండ అలాంటిదే. పొద్దున్న పదిలోపు ఒక చోటు, సాయంత్రం ఐదు దాటాక గట్టు, మధ్యలో రూమ్‌లో పడుకోవడం. లేదా పెళ్ళిరోజున గుడికెళ్ళి దణ్ణం పెట్టుకుని, ప్రయాణం వాన పడ్డాక పెట్టుకోండి. తారీఖు పట్టుకుని వడదెబ్బ తెచ్చుకోవడంలో అర్థం లేదు.

శ్రావణం వాళ్ళకి వరద గోదావరి కనపడుతుంది. ఎర్రటి నీళ్ళు, ఆ ఉరవడి చూడ్డానికి ప్రత్యేకంగా వెళ్ళే వాళ్ళున్నారు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక వచ్చిందంటే లంకల్లో, అంటే నది మధ్య దిబ్బల మీద ఉండే వాళ్ళు ప్రయాణం మానుకుని ఇల్లు చూసుకోవాలి. 1986 వరద చూసిన వాళ్ళింట్లో ఎవరినడిగినా ఇదే చెప్తారు.

బస్సా, రైలా, కారా?

భీమవరం, తణుకు వైపు వాళ్ళు కచ్చితంగా రైలెక్కండి. నిడదవోలు, కొవ్వూరు దాటాక గోదావరి మీదకి వస్తారు. ఆ కొన్ని నిమిషాల కోసమైనా రైలెక్కాలి. 1997లో వచ్చిన ఆర్చి వంతెన మీదుగా వెళ్తే కమానులు ఒకదాని వెనక ఒకటి కిటికీ దాటిపోతుంటాయి. పక్కనే 1900లో కట్టిన పాత హేవ్‌లాక్ వంతెన కనిపిస్తుంది. ఆర్చి వంతెన వచ్చాక ఆ పాతదాని మీద రైళ్ళు ఆపేశారు. కొన్ని రైళ్ళు మాత్రం 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన మీదుగా పోతాయి. గోదావరిలో వెయ్యడానికి చిల్లర ముందే చేతిలో పెట్టుకోండి, నది వచ్చాక పర్సు వెతుక్కుంటే కొవ్వూరు నుంచి గోదావరి స్టేషన్ వచ్చేస్తుంది.

కోనసీమ వాళ్ళకి బస్సో, కారో తప్పదు. రావులపాలెం, జొన్నాడ, వేమగిరి మీదుగా దారి. బస్సు కాంప్లెక్స్ దాకా వెళ్ళాలో, కోటిపల్లి బస్టాండులో దిగితే దగ్గరో కండక్టర్‌ని అడగండి.

ఒక్కరోజు సరిపోతుందా?

సరిపోదు. ఒక రాత్రి ఉండండి. పొద్దున్న బస్సు దిగి సాయంత్రం బస్సెక్కితే అది మళ్ళీ పనిమీద వెళ్ళినట్టే ఉంటుంది.

ఊళ్ళో ఒక్క చోటే చూడగలం అంటే ఏది చూడమంటారు?

కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

1861లో పెళ్ళయ్యేనాటికి ఆయనకి పదమూడేళ్ళు, రాజ్యలక్ష్మమ్మ గారు ఇంకా చిన్నపిల్ల. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు అంతే. అలా పెద్దవాళ్ళు కూర్చోబెట్టి ముడేసిన జంట తరవాత ఏం చేసిందో చూడండి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. ఊరు ఊరంతా ఎదురుతిరిగింది. వెలివేస్తామన్నారు. వంటవాళ్ళు రామన్నారు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. అప్పుడు రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరికి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి, వచ్చిన వాళ్ళందరికీ వండిపెట్టారు.

పుస్తకాల్లో వీరేశలింగం గారి ఉపన్యాసాల గురించి, రాతల గురించి చదువుకున్నాం. ఆ ఇంట్లో వంటింటి వైపు నిలబడితే మాత్రం నాకు గుర్తొచ్చేది ఆ నీళ్ళ బిందెలు. ఇంటి నుంచి రేవు దాకా వెళ్ళి, నిండు బిందె చంకనెత్తుకుని, మాటలు పడుతూ మళ్ళీ రావాలి. పెళ్ళివారంటే ఒక బిందెతో అయ్యే పని కాదు. తరవాత ఆ పునర్వివాహాలు చేసుకున్న ఆడపిల్లలకి పుట్టిల్లు కూడా ఆవిడే అయ్యారు. భర్త ఒక మంచి పనికి పూనుకుంటే భార్య సహకరించిందని ఒక ముక్కలో తేల్చెయ్యడం నాకు నచ్చదు. ఆ పనిలో సగం బరువు ఆవిడ మోశారు.

ఇల్లు చూశాక ఆనందోద్యానవనానికి వెళ్ళండి. ఆ దంపతుల సమాధులు అక్కడే ఉన్నాయి. ఆవిడ 1910లో, ఆయన 1919లో పోయారు. పిల్లలు లేరు. ఆస్తి హితకారిణీ సమాజానికి రాసిచ్చేశారు. పెళ్ళిరోజున సమాధులేంటని మీ ఇంట్లో పెద్దవాళ్ళు అంటే ఈ కథ చెప్పి తీసుకెళ్ళండి, కాదనరు. ఆయన కట్టించిన టౌన్‌హాలు కూడా ఊళ్ళోనే ఉంది.

ఇలాంటి చోట్లకి వారంలో ఒకరోజు, పండగలకీ సెలవు ఉంటుంది. బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

మా ఆయనకి చరిత్ర అంటే బోరు. బొమ్మలు, ఫొటోలు ఇష్టం. ఏం చూపించను?

దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళండి అమ్మా. రామారావు గారు 1897లో రాజమండ్రిలో పుట్టి, 1925లో మశూచితో పోయారు. ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన చెయ్యి చూసి బొంబాయి పంపి చదివించారు. తిరిగొచ్చి ఈ ఊళ్ళోనే చిత్రకళ బడి పెట్టారు. గోదావరి ఒడ్డు ఆడవాళ్ళు నగలతో, పూలతో, జడలతో ఎలా ఉంటారో ఆయన గీసినంత ఇష్టంగా గీసినవాళ్ళు తక్కువ. ఆయన భార్య సత్యవాణి గారు కూడా చిత్రకారిణే. పేరు అడిగి ఆవిడ బొమ్మల గురించి కూడా తెలుసుకోండి. గ్యాలరీ చిన్నది, తొందరగా తిరిగేసి వచ్చెయ్యాలనిపిస్తుంది. ఒక్కో బొమ్మ ముందు కాస్త ఆగండి, చీర మడతల్లో రంగు ఎక్కడ పలచబడిందో చూడండి.

సాయంత్రం గట్టు మీద ఏముంటుంది? నదిలో స్నానం చెయ్యొచ్చా?

ఊరు నదికి తూర్పు ఒడ్డున ఉంది కాబట్టి పొద్దు కొవ్వూరు వైపు నీళ్ళలోకి దిగుతుంది. సాయంత్రం పుష్కరఘాట్ దగ్గర హారతి ఇస్తారు. చీకటి పడ్డాక వంతెన మీద రైలు పోతుంటే కూర్చుని చూడ్డం నాకు హారతికన్నా ఇష్టం. పొద్దు పొడవడం చూడాలంటే అవతలి ఒడ్డున కొవ్వూరు గోష్పాద రేవుకి వెళ్ళాలి.

దంపతులు కొంగులు ముడేసుకుని సరిగంగ స్నానాలు చెయ్యడం మనకి అనాదిగా ఉన్నదే. పెళ్ళిరోజున చెయ్యాలనుకుంటే కోటిలింగాల రేవు బాగుంటుంది, పక్కనే గుడి. మెట్లు దాటి లోపలికి దిగొద్దు. మెట్లకి పాచి ఉంటుంది, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే దిగండి. వరద రోజుల్లో అసలు వద్దు, చెంబుతో నెత్తిన పోసుకోండి చాలు. 12 ఏళ్ళకోసారి వచ్చే పుష్కరాలు 2015 తరవాత 2027లో వస్తాయి. ఆ రోజుల్లో పుణ్యం కోసం వెళ్తే వెళ్ళండి గానీ పెళ్ళిరోజు ముచ్చట పెట్టుకోకండి.

చాళుక్యుల నాటి గుళ్ళు నిజంగా ఎక్కడున్నాయి?

రెండో రోజు పొద్దున్నే బిక్కవోలు వెళ్ళండి. కడియం, ద్వారపూడి, అనపర్తి దాటాక వస్తుంది. గుణగ విజయాదిత్యుడి బిరుదు మీద వెలిసిన ఊరు అది. రాజమండ్రిలో రాజుల కట్టడాలు కనపడక మనసు వెలితిపడితే ఇక్కడ తీరుతుంది. పొలాల మధ్య, ఇళ్ళ మధ్య వెయ్యేళ్ళు దాటిన గుళ్ళు నిలబడి ఉన్నాయి. గోలింగేశ్వరాలయంలో శివుడు పార్వతిని దగ్గరికి పొదువుకున్న శిల్పం ఉంది. పెళ్ళిరోజుకి అంతకన్నా మంచి దర్శనం ఏముంటుంది? పెద్ద వినాయకుడు కూడా ఈ ఊళ్ళోనే ఉన్నాడు.

ఓపికుంటే ఇంకొంచెం ముందుకెళ్ళి సామర్లకోట భీమేశ్వరాలయం చూడొచ్చు. ద్రాక్షారామం దారి వేరు. రెండూ ఒకే పూటలో పెట్టుకుని పరుగులు తియ్యకండి.

పాపికొండలు కూడా కలిపి వెళ్దామా?

అది పూర్తిగా ఒక రోజు మింగేస్తుంది. ఈ ప్రయాణంలో కలపొద్దనే నా సలహా. వెళ్ళి తీరాలంటే వరదలు తగ్గాక, పర్యాటక శాఖ అనుమతి ఉన్న బోటు మాత్రమే ఎక్కండి, లైఫ్ జాకెట్ వేసుకున్నాకే కదలనివ్వండి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగి జరిగిన ఘోరం ఈ జిల్లాల్లో ఎవరూ మర్చిపోలేదు.

అత్తగారు, మామగారు, పిల్లలు కూడా వస్తామంటున్నారు. ఏం చెయ్యాలి?

మీ ఇద్దరే వెళ్తే బాగుంటుందని మొహమాటం లేకుండా చెప్పగలిగితే చెప్పండి. చెప్పలేకపోతే మొదటి రోజు అందరూ కలిసి గుళ్ళు, రేవు, హారతి చూడండి. రెండో రోజు పొద్దున పెద్దవాళ్ళనీ పిల్లలనీ రూమ్‌లో ఉంచి, మీరిద్దరూ వీరేశలింగం గారి ఇంటికీ గ్యాలరీకీ వెళ్ళిరండి. మామగారికి మోకాళ్ళ నొప్పులుంటే సారంగధర మెట్ట మానేసి ధవళేశ్వరం తీసుకెళ్ళండి, కారు దిగి చూసేంత దగ్గర.

ధవళేశ్వరంలో ఏముంది? బ్యారేజీ రోజూ చూసేదే కదా.

దాటడం వేరు, చూడడం వేరు. నది గౌతమి, వశిష్ఠలుగా చీలేది ఇక్కడే. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఉంటుంది ఆనకట్ట. మనం తినే అన్నం ఇక్కడినుంచే మొదలవుతుంది. ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టాకీ, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టాకీ, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకీ కాలవలు వెళ్తాయి. మీ ఊరి కాలవ ఏదో, అది ఎక్కడ పుట్టిందో ఇద్దరూ కలిసి చూసి రండి.

1830ల్లో కరువు, తుపాను ఈ నేలని ఊడ్చేశాయి. అంత నది పక్కనే పారుతుండగా జనం తిండిలేక చచ్చిపోయారు. 1847లో ఆర్థర్ కాటన్ పని మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తి చేయించారు. పక్కనుండి పని నడిపించిన మన ఇంజనీరు వీణెం వీరన్నని కూడా తలుచుకోవాలి. పాతది వయసైపోతే దాని బదులు కట్టిన బ్యారేజీ 1982లో పూర్తయింది, దానికీ కాటన్ పేరే. అక్కడి కాటన్ మ్యూజియంలో పాత పనిముట్లు, నమూనాలు ఉన్నాయి. పిల్లలుంటే తప్పకుండా చూపించండి.

భోజనం ఎక్కడ? ఏం తినాలి?

హోటల్ పేరు చెప్పను, రుచులు ఏటికేడు మారుతుంటాయి. మెయిన్ రోడ్డులో రోజ్‌మిల్క్ తాగండి. పనసపొట్టు కూర వడ్డించే మెస్ దొరికితే వదలొద్దు. వరద రోజుల్లో పులస చేప అని బోర్డు కనిపిస్తే వెంటనే నమ్మెయ్యొద్దు. ఏటికి ఎదురీది వచ్చిన అసలు పులస ఖరీదు మీకు తెలిసిందే, చవగ్గా ఇస్తున్నారంటే అది సముద్రంలో పట్టిన విలస అయ్యుంటుంది.

పెళ్ళిరోజుకి మా ఆవిడకి చీర కొనాలి. తాడితోట బట్టల బజారులో కొనొచ్చా?

కొనొచ్చు, ఆవిడని వెంటబెట్టుకుని వెళ్తేనే. పొద్దున్న వెళ్ళి కొనేసి మిగతా రోజంతా ఆ సంచి మొయ్యకండి, చివర్లో పెట్టుకోండి. మంచి ఉప్పాడ జాందానీ కావాలంటే మాత్రం ఇంకోరోజు ఉప్పాడే వెళ్ళి నేతగాడి దగ్గర కొనండి.

తిరుగు ప్రయాణంలో పూతరేకులు ఎక్కడ కొనాలి?

కోనసీమ వాళ్ళు హైవే పట్టకుండా ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, అక్కణ్ణించి కాలవగట్టు వెంట ఆత్రేయపురం, రావులపాలెం రండి. ఆత్రేయపురంలో చాలా ఇళ్ళ ముందే రేకు తీస్తుంటారు. బోర్లించిన కుండ మీద పిండి నీళ్ళలో ముంచిన గుడ్డ ఇలా లాగగానే రేకు లేచొచ్చేస్తుంది. అది చూసి, అప్పుడు చుట్టినవి కొనుక్కోండి. 2023లో వీటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బెల్లం, నెయ్యి, జీడిపప్పు వేసినవి రెండు మూడు రోజుల్లో తినెయ్యాలి, ఊరంతా పంచాలని ఎక్కువ కొనొద్దు. శనివారం మాత్రం ఈ దారి పెట్టుకోకండి. వాడపల్లి వెంకన్న దగ్గరికి ఏడు శనివారాల మొక్కు వాళ్ళతో రోడ్డు నిండిపోతుంది, రావులపాలెం చేరేసరికి చీకటి పడుతుంది.